ఎప్పటికి అయిపోతుంది పాపా: బెంగళూరు నుంచి బెర్లిన్ పీహెచ్‌డీ దాకా నా అనుభవం

మా నాయన మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఒక మండీలో లెక్కలు రాస్తాడు. ఫోన్ చేస్తే మొదట తిన్నావా అంటాడు, తర్వాత ఆ రోజు రేటు చెప్తాడు, మూడోది ఎప్పుడూ ఒకటే ప్రశ్న: "ఎప్పటికి అయిపోతుంది పాపా?" 2020 మొదట్లో బెంగళూరులో పీహెచ్‌డీకి చేరినప్పటి నుంచి అదే అడుగుతున్నాడు. రెండున్నరేళ్ళు ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అబద్ధం చెప్పడం ఇష్టంలేక "చూద్దాం నాయనా" అనేదాన్ని.

ఇప్పుడు నేను బెర్లిన్‌లో కంప్యుటేషనల్ బయాలజీలో, అంటే జీవశాస్త్రాన్ని కంప్యూటర్ లెక్కలతో చదివే సబ్జెక్టులో, పీహెచ్‌డీ చేస్తున్నాను. సెలవుకి వచ్చినప్పుడు ఎలక్ట్రానిక్ సిటీ నీలాద్రి నగర్‌లోని నా పాత పీజీ హాస్టల్లో నాలుగు రోజులు ఉన్నాను. అక్కడి చెల్లెళ్ళు రాత్రి భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టి ఒకటే అడగడం: ఏ ఎగ్జామ్ రాయాలక్కా, ఎంత లోను అవుతుందక్కా, కన్సల్టెన్సీ ఏదక్కా అని. ఎగ్జామ్ రాయలేదు, లోను తీసుకోలేదు, కన్సల్టెన్సీ గడప తొక్కలేదు అంటే ఒక పట్టాన నమ్మలేదు. ఆ రాత్రి వాళ్ళకి చెప్పినదే, ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా మొదటి పీహెచ్‌డీ సంగతి చెప్పాలి. నాది ఆంధ్రలో ఎమ్మెస్సీ బయోఇన్ఫర్మాటిక్స్, 2019లో అయిపోయింది. ఈ సబ్జెక్టు చదివినవాళ్ళకి దగ్గర్లో బెంగళూరును మించిన ఊరు లేదు. పరిశోధన సంస్థలు చూస్తే ఐఐఎస్సీ ఉంది, జీకేవీకే క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్ ఉంది, జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఉంది, ఎలక్ట్రానిక్ సిటీలోనే ఐబీఏబీ ఉంది. ఎన్‌సీబీఎస్‌లో మొదటి ఏడాది రెండు మూడు ల్యాబుల్లో తిరిగి చూశాకే గైడ్‌ని ఎంచుకుంటారు. ఐఐఎస్సీలో కోర్సులు, ఆ తర్వాత కాంప్రహెన్సివ్ పరీక్ష ఉంటాయి. మన దేశంలో పద్ధతి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు ఆ రెండు చోట్లా రాలేదు. ఒక చిన్న సంస్థలో ప్రాజెక్టు పోస్టులో చేరి, అక్కడే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను.

అక్కడ నా పీహెచ్‌డీ మొత్తం ఒక్క మనిషి చేతిలో ఉండేది. గైడ్ గారు తీరిగ్గా ఉంటే మాట్లాడేవారు, లేకపోతే రెండు నెలలైనా కలవడం కుదిరేది కాదు. నా టాపిక్ మూడుసార్లు మారింది. మూడోసారి మారినప్పుడు ఎందుకు మారిందో కూడా నాకు తెలియదు. అప్పుడు అమల్లో ఉన్న యూజీసీ 2016 నిబంధనల ప్రకారం ప్రతి పీహెచ్‌డీ విద్యార్థికీ ఒక రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఉండాలి, ఆరు నెలలకోసారి ఆ కమిటీ ముందు నిలబడి చేసిన పని చెప్పాలి. నాకూ కమిటీ ఉంది, కాగితం మీద. ఏడాదిన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో మూడు ఫారాలు ఒకేసారి ఇచ్చి సంతకాలు పెట్టించుకు రమ్మన్నారు. కమిటీలోని ఇద్దరూ నన్ను చూడటం అదే మొదటిసారి. వాళ్ళలో ఒకరు సంతకం పెడుతూ "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగారు. చెప్పడం మొదలుపెట్టేలోపే మూడో కాగితం మీద సంతకం అయిపోయింది.

2022 ఆగస్టులో మానేశాను. మానేసిన రోజు ఏడవలేదు. వారం తర్వాత నాయన "ఎప్పటికి అయిపోతుంది" అని అడిగినప్పుడు, మానేశాను అని చెప్పలేక ఏడ్చాను.

సెప్టెంబరులో ఒక జీనోమిక్స్ కంపెనీలో అనలిస్టుగా చేరాను. అక్కడ ఒక సీనియర్ అక్క జర్మనీలో, హైడల్‌బర్గ్‌లోని ఈఎంబీఎల్ అనే పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేసి వచ్చింది. నా కథంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "నీ టీఏసీలో ఎవరుండేవాళ్ళు?" టీఏసీ అంటే థీసిస్ అడ్వైజరీ కమిటీ. నేను ఆ మూడు సంతకాల సంగతి చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ చల్లారిపోయేదాకా తన పీహెచ్‌డీ ఎలా నడిచిందో చెప్పింది.

జర్మనీలో పీహెచ్‌డీకి రెండు దారులు. పాత దారిలో ఒక ప్రొఫెసర్‌కి రాసుకుని, ఆయన సరే అంటే చేరిపోవడం. అక్కడ గైడ్‌ని డోక్టోర్‌ఫాటర్ అంటారు, అంటే డాక్టరేట్ తండ్రి అని. తండ్రి మంచివాడైతే ఆ దారీ మంచిదే. రెండోది స్ట్రక్చర్డ్ ప్రోగ్రామ్. ఇందులో మనల్ని తీసుకునేది ప్రోగ్రామ్, ఒక్క ప్రొఫెసర్ కాదు. కోర్సులు, కమిటీ, గడువు, జీతం అన్నీ ముందే రాసి ఉంటాయి. పని అంతా ఇంగ్లిష్‌లో. యూరప్ ప్రభుత్వాలు కలిసి 1974లో పెట్టుకున్న పరిశోధన సంస్థ ఈఎంబీఎల్. అందులో అంతర్జాతీయ పీహెచ్‌డీ ప్రోగ్రామ్ 1983 నుంచి ఉంది. హైడల్‌బర్గ్, హాంబర్గ్, గ్రెనోబుల్, రోమ్, బార్సిలోనా, ఇంగ్లండ్‌లో హింక్స్‌టన్, ఇలా ఆరు చోట్ల ల్యాబులున్నాయి. బయోఇన్ఫర్మాటిక్స్ వాళ్ళకి హింక్స్‌టన్ పెద్ద కేంద్రం. మాక్స్ ప్లాంక్ సొసైటీ 2000లో జర్మన్ యూనివర్సిటీలతో కలిసి ఇలాంటివే ఇంటర్నేషనల్ మాక్స్ ప్లాంక్ రీసెర్చ్ స్కూళ్ళు మొదలుపెట్టింది. ఇప్పుడు అవి అరవైకి పైనే. నేను చేరింది వాటిలో ఒకదానిలో.

మొదటిసారి 2022 అక్టోబరులో అప్లై చేశాను. అప్లికేషన్‌కి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో సీవీ, మార్కుల పత్రాలు, చేసిన పరిశోధన గురించి ఒక పేజీ, ఎందుకు చేరాలనుకుంటున్నావో ఇంకో పేజీ, సిఫార్సు లేఖలు ఇచ్చేవాళ్ళ పేర్లు అడిగారు. నన్ను ఐఈఎల్‌టీఎస్ అడగలేదు, ఎమ్మెస్సీ ఇంగ్లిష్ మీడియంలో చదివానన్న సర్టిఫికెట్ సరిపోయింది. వినడానికి సులువుగానే ఉంది. తల ప్రాణం తోకకొచ్చింది మాత్రం ఓడీ, అంటే ఒరిజినల్ డిగ్రీ దగ్గర. నా దగ్గర పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మార్కులన్నీ కలిపి ఇచ్చే మెమో) ఉన్నాయి కానీ ఓడీ తీసుకోలేదు. అప్లికేషన్ వరకు పీసీతో నడిచింది. తర్వాత యూనివర్సిటీలో పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కి మాత్రం ఓడీ కావాల్సిందే. దాని కోసం మా యూనివర్సిటీ ఎగ్జామినేషన్స్ విభాగం చుట్టూ నాలుగు సార్లు, రాత్రి బస్సుల్లో తిరిగాను. ఇది చదువుతున్నవాళ్ళు డిగ్రీ అయిన ఏడాదే ఓడీకి డబ్బు కట్టి తెచ్చుకోండి. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఇంతే తిరగాలి.

సిఫార్సు లేఖల గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి. మన దగ్గర మేష్టార్లు ప్రేమతోనే రాస్తారు, కానీ అన్నీ ఒకేలా ఉంటాయి: "ఈ అమ్మాయి కష్టపడి చదువుతుంది, నడవడిక మంచిది, ఉజ్జ్వల భవిష్యత్తు ఉండాలని కోరుకుంటున్నాను." చదివే కమిటీకి ఇందులో తెలిసేది ఏమీ లేదు. మా సీనియర్ అక్క చెప్పినట్టు నేను మా ఎమ్మెస్సీ మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఆమె ఆధ్వర్యంలో ఏమేం చేశానో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. ఏ ప్రోగ్రామ్ రాశాను, ఎక్కడ ఇరుక్కున్నాను, ఎలా బయటపడ్డాను, ఆమె సాయం లేకుండా చేసింది ఏది, ఇవన్నీ. మేడమ్ అది చూసి "ఇవన్నీ నాకు గుర్తులేవమ్మా, మంచిపని చేశావు" అన్నారు. రెండు పేజీల లేఖ రాశారు. పాత గైడ్ గారిని కూడా అడిగాను. మెయిల్‌కి జవాబు రాలేదు. గడువు దగ్గరపడ్డాక కంపెనీలో మా టీమ్ లీడ్ రాసిచ్చారు. పాత చోటు నుంచి లేఖ ఎందుకు లేదో నేనే అప్లికేషన్‌లో మూడు వాక్యాల్లో, ఎవరినీ తిట్టకుండా రాశాను. ఆ మూడు వాక్యాలకి రెండు రోజులు పట్టింది.

2023 ఫిబ్రవరిలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, ఆన్‌లైన్‌లో. పీజీలో రూమ్మేట్లు ఇద్దరూ బయటికెళ్ళి గంటన్నర మెట్ల మీద కూర్చున్నారు, నాకు చప్పుడు లేకుండా.

అక్కడ జరిగిందే ఈ మొత్తం అనుభవంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం, అందుకని నిదానంగా చెప్తాను.

నేను చూపించింది పాత ల్యాబులో చేసిన పని. షుగర్ ఉన్నవాళ్ళు 12 మంది, లేనివాళ్ళు 12 మంది, మొత్తం 24 రక్తం శాంపిళ్ళు. ఒక్కో శాంపిల్‌లో దాదాపు 20,000 జీన్లు ఎంతెంత పనిచేస్తున్నాయో ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో కొలిచాం. ఇరవై వేల సంఖ్యల్ని కంటితో చూడలేం కాబట్టి పీసీఏ అనే పద్ధతిలో వాటిని కుదించి, శాంపిల్‌కి ఒక చుక్క చొప్పున బొమ్మ గీస్తాం. దగ్గర పోలికలున్న శాంపిళ్ళు దగ్గరగా పడతాయి. నా బొమ్మలో చుక్కలు రెండు గుంపులుగా చక్కగా విడిపోయాయి. ఎడమ గుంపులో షుగర్ వాళ్ళు, కుడి గుంపులో లేనివాళ్ళు. ఎడమ గుంపులో మాత్రం షుగర్ లేనివాళ్ళ చుక్కలు రెండు, కుడి గుంపులో షుగర్ వాళ్ళ చుక్కలు రెండు కలిసిపోయాయి. ఆ నాలుగూ దారి తప్పినవి అనుకున్నాను. ఎడమ వైపు పడ్డ ఇద్దరికీ బహుశా షుగర్ రాబోతోందేమో అని స్లైడ్ మీద రాశాను కూడా.

ప్యానెల్‌లో ఒకావిడ ఆ స్లైడ్ మళ్ళీ పెట్టమన్నారు. చాలా మృదువుగా అడిగారు: "ఈ నాలుగు శాంపిళ్ళూ మెషిన్ మీద ఏ రోజున రన్ చేశారు?"

నాకు తెలియదు. తెలియదన్న సంగతి కన్నా, రెండున్నరేళ్ళలో ఒక్కరు కూడా ఆ ప్రశ్న అడగలేదన్న సంగతికి గుండె జారిపోయింది. రెండు వారాలకి సెలెక్ట్ కాలేదని మెయిల్ వచ్చింది. నేను ఆశ్చర్యపోలేదు.

ఆ ఆదివారం పాత ల్యాబ్ టెక్నీషియన్ అన్నకి ఫోన్ చేశాను. ఆయనది కోలారు దగ్గర ఊరు, ఇంట్లో తెలుగే. శాంపిళ్ళ రిజిస్టరు చేత్తో రాసేది ఆయనే. సోమవారం ల్యాబుకి వెళ్ళాక ఫోన్ చేస్తానన్నాడు, చేశాడు. "రాసుకోమ్మా" అని ఒక్కో శాంపిల్ నంబరు, తేదీ చదవడం మొదలుపెట్టాడు. నేను ఆఫీసు క్యాంటీన్‌లో నోట్‌బుక్ మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. మొదటి పన్నెండూ మార్చిలో. తర్వాత ఆగి, "ఇక్కడ పక్కన రాసి పెట్టినాను చూడు, కిట్ అయిపోయింది, కొత్త లాట్ అని" అన్నాడు. మిగిలిన పన్నెండూ జూన్‌లో, కొత్త కిట్‌తో, అంటే కొత్త లాటు కెమికల్స్‌తో. మార్చి పన్నెండులో షుగర్ వాళ్ళు పది, లేనివాళ్ళు ఇద్దరు. జూన్‌లో దానికి తిరగేసి: లేనివాళ్ళు పది, షుగర్ వాళ్ళు ఇద్దరు.

ఆ నాలుగు చుక్కలూ దారి తప్పలేదు. ఏ నెలలో రన్ అయ్యాయో ఆ నెల గుంపులోనే ఉన్నాయి. నా బొమ్మ విడదీసింది జబ్బుని కాదు, కిట్‌ని. దీన్ని మా రంగంవాళ్ళు బ్యాచ్ ఎఫెక్ట్ అంటారు. కెమికల్ లాట్ మారినా, మెషిన్ మారినా, చేసే చెయ్యి మారినా కొలతలన్నీ ఒక పక్కకి ఒరిగిపోతాయి. షుగర్ వాళ్ళందర్నీ మార్చిలో, లేనివాళ్ళందర్నీ జూన్‌లో చేసి ఉంటే ఏ లెక్కా దాన్ని విడదీయలేదు, డేటా పారేయాల్సిందే. అటు ఇద్దరు ఇటు ఇద్దరు కలిసి ఉండటం నా అదృష్టం. దాంతో లెక్కలో బ్యాచ్‌ని కూడా ఒక కారణంగా చేర్చి మళ్ళీ చేయొచ్చు. హైడల్‌బర్గ్ వాళ్ళు కూడా కలిసి రాసిన డీసెక్2 అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంది, 2014లో వచ్చింది, ఈ రంగంలో అందరూ వాడతారు. అందులో బ్యాచ్ చేర్చడం ఒక్క పదం పని. అంతకుముందు షుగర్ ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ తేడాగా ఉన్నాయని నేను లెక్కగట్టిన జీన్లు 1,400. బ్యాచ్ చేర్చాక మిగిలినవి 37.

రాత్రి నాయనకి ఇదంతా చెప్పాను. అర్థం చేసుకోవడానికి ఆయనకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఏ రైతు సరుకో, ఏ పొద్దు దిగిందో క్రేట్ మీద లాటు నంబరు రాయకుండా ఎవరన్నా వేలం పెడతారా పాపా? కాయ మెత్తగా ఉంటే విత్తనం తప్పా, వాన తప్పా, లారీ తప్పా, ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. డీసెక్2 మాన్యువల్ చదివినప్పుడు కూడా నాకు అంత స్పష్టంగా అర్థం కాలేదు.

2023 నవంబరులో రెండోసారి అప్లై చేసినప్పుడు పరిశోధన గురించిన పేజీని 1,400తో మొదలుపెట్టి 37తో ముగించాను. మధ్యలో జరిగిన తప్పు, దాన్ని ఎలా కనుక్కున్నాను అన్నదే రాశాను. పీజీలో ఒకమ్మాయి "నీ తప్పు నువ్వే చెప్పుకుంటే ఎవరు తీసుకుంటారక్కా?" అంది. నాకూ భయం వేసింది. కానీ మిగతాదేదీ నిజంగా నాది అనిపించలేదు.

2024 ఫిబ్రవరి ఇంటర్వ్యూలో పది నిమిషాలు ప్రెజెంటేషన్, ఆ తర్వాత ప్రశ్నలు. పీసీఏ బొమ్మ రెండు స్లైడ్లుగా పెట్టాను, ఒకటి జబ్బు రంగులతో, ఒకటి తేదీ రంగులతో. "37 జీన్లలో ఎన్నిటిని నమ్ముతావు?" అని అడిగారు. ఒక్కో నెలలో తక్కువ గుంపులో ఇద్దరే ఉన్నారు కాబట్టి కొత్త శాంపిళ్ళతో సరిచూడకుండా దేన్నీ నమ్మను అన్నాను. ఆ తర్వాత ముగ్గురు గ్రూప్ లీడర్లతో విడివిడిగా అరగంట చొప్పున మాటలు. వాళ్ళు నన్ను అడిగినంతా నేనూ వాళ్ళని అడగొచ్చన్నారు. మీ దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళకి సగటున ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడున్న స్టూడెంట్లతో నేను విడిగా మాట్లాడొచ్చా అని అడిగాను. ముగ్గురూ సరేనన్నారు. చివర్లో మేం ఎవరి దగ్గర చేరాలనుకుంటున్నామో వరసగా రాసివ్వాలి, వాళ్ళూ రాస్తారు, రెండూ కలిస్తే సీటు. నాకు రెండో పేరు కుదిరింది. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదైంది.

ఇంట్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట "పొలం మీద ఎంత తేవాలి?" మా వీధిలో ఎమ్మెస్‌కి వెళ్ళిన పిల్లలందరివీ బ్యాంకు లోన్లే కాబట్టి ఆమె అలా అడగడంలో తప్పేం లేదు. ఇక్కడ ఫీజు లేదని, పైగా ఉద్యోగం లాగా కాంట్రాక్టు రాసి నెల జీతం, హెల్త్ ఇన్సూరెన్స్ ఇస్తారని చెప్పాను. కాంట్రాక్టు ప్రింట్ తీసి చూపిస్తే తప్ప నమ్మలేదు. జర్మనీకి చదువుకెళ్ళే ఎమ్మెస్ పిల్లలు ఏడాది ఖర్చుకి డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్ అనే ప్రత్యేక ఖాతాలో వేయాలి, నేను వీసాకి వెళ్ళిన 2024 జూన్‌లో అది 11,208 యూరోలు. జీతం కాంట్రాక్టు ఉంది కాబట్టి నాకు ఆ అవసరం రాలేదు.

వీసా సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, కాగితాలు సరిగ్గా ఉంటే అదే నడుస్తుంది. నా పాస్‌పోర్టులో మదనపల్లె అడ్రసు. ఆంధ్రవాళ్ళం చెన్నై కాన్సులేట్ కిందికి వస్తాం కాబట్టి జూన్‌లో చెన్నై వెళ్ళాను. పని పదకొండింటికే అయిపోయింది. తిరుగు రైలు సాయంత్రానికి. గిండీలో మద్రాసు యూనివర్సిటీ క్యాంపస్ ఉందని గుర్తొచ్చి ఆటో ఎక్కాను. శాస్త్రవేత్త జీఎన్ రామచంద్రన్ గారు పనిచేసింది అక్కడే. 1963లో ఆయన, రామకృష్ణన్, శశిశేఖరన్ కలిసి ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో, ఏ కోణాల్లో వంగితే అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటాయో లెక్కగట్టి ఒక పటం గీశారు. ప్రపంచమంతా దాన్ని రామచంద్రన్ ప్లాట్ అంటుంది. తర్వాత ఆయన బెంగళూరు వచ్చి ఐఐఎస్సీలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్ పెట్టారు. కంప్యుటేషనల్ బయాలజీ అనే పేరు పుట్టకముందే మన పక్క ఊళ్ళో ఆ పని జరిగింది. ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించినందుకు, కొత్త ప్రోటీన్లను డిజైన్ చేసినందుకు 2024 అక్టోబరులో, నేను చేరిన రెండో వారంలో, కెమిస్ట్రీ నోబెల్ ప్రకటించారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ దాని గురించే మాట్లాడుకుంటుంటే, ఆ ఊహించిన ఆకారాల్ని ఇవాళ్టికీ రామచంద్రన్ ప్లాట్ మీద పెట్టే సరిచూస్తారని నేను పక్కవాళ్ళకి చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం వణికింది.

2024 అక్టోబరు 1న చేరాను. మా బ్యాచ్‌లో సగం మందికి గణితం, కంప్యూటర్లు వచ్చు, బయాలజీ రాదు. మిగతా సగం నాలాగా బయాలజీ వైపు నుంచి వచ్చినవాళ్ళు. మొదటి నెలల కోర్సులన్నీ ఈ రెండు సగాల్నీ కలపడానికే. ఒక గణితం అబ్బాయికి నేను స్ప్లైసింగ్ అంటే ఏమిటో బోర్డు మీద చెప్పాను. జీన్ నుంచి తయారైన ఆర్‌ఎన్‌ఏలో కొన్ని ముక్కల్ని కత్తిరించి మిగతావి అతికించడం అన్నప్పుడు అతని మొహంలో కలిగిన వెలుగు నాకు గుర్తుంది. పీసీఏ బొమ్మకి అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఉండే రెండు గీతలు అసలు ఎక్కడి నుంచి వస్తాయో అతను నాకు చెప్పాడు. ఐదేళ్ళుగా గీస్తున్న బొమ్మ నాకు అప్పుడు అర్థమైంది.

ఏప్రిల్‌లో మొదటి టీఏసీ. అంతకు రెండు వారాల ముందు నేను చేయబోయే పని గురించి రాసి పంపాలి. కమిటీలో నా గైడ్, డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ నుంచి ఒకరు, మా టాపిక్‌తో సంబంధం లేని ఇంకో ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒకరు. ముందు రాత్రి నిద్ర పట్టలేదు. అరగంట చెప్పాను, గంట ప్రశ్నలడిగారు. మూడో భాగం నా థీసిస్‌కి ఎక్కువైపోతుందని, అది తీసేయమని బయటి ఆవిడ పట్టుబట్టారు. గైడ్ గారు వాదించి, చివరికి ఒప్పుకున్నారు. నా పని గురించి ముగ్గురు పెద్దవాళ్ళు అంతసేపు వాదించుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు గైడ్ గారు లేచి, తలుపు దగ్గరికేసి బయటికి వెళ్ళిపోయారు. ఏదో ఫోన్ వచ్చిందేమో అనుకున్నాను. మిగిలిన ఇద్దరిలో ఒకరు పెన్ను కింద పెట్టి అడిగారు: "గైడ్‌తో ఎలా ఉంది? వారానికి ఎన్నిసార్లు కలుస్తున్నారు? మేం తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా?"

ఇది ప్రతి టీఏసీలో ఉండే భాగమే, అందరికీ జరుగుతుంది. గైడ్ గారికి తెలుసు, ఫారంలో దానికో గడి కూడా ఉంది. అయినా నాకు నోట మాట రాలేదు. కళ్ళ ముందు ఆ పాత ఆఫీసు, ఆ మూడు ఫారాలు కదిలాయి. "వారానికోసారి కలుస్తాం, బాగుంది" అని చెప్పడానికి కాస్త టైమ్ పట్టింది. వాళ్ళు తొందరపెట్టలేదు. మంచినీళ్ళు నా వైపు జరిపారు.

గైడ్ గారు తిరిగొచ్చాక ముగ్గురూ ఫారం మీద రాశారు: మూడో భాగం తొలగింపు, శాంపిళ్ళ తేదీలు, కిట్ లాట్ నంబర్లు మొదటి టేబుల్‌లోనే ఇవ్వాలి అన్నది నా సొంత ప్రతిపాదనగా నమోదు, తర్వాతి సమావేశం 2026 ఏప్రిల్. నేను కూడా సంతకం పెట్టాను.

బయటికొచ్చి నాయనకి ఫోన్ చేశాను. అప్పటికి మదనపల్లెలో సాయంత్రం అయింది. తిన్నావా అన్నాడు. పదిహేను కిలోల క్రేట్ రేటు చెప్పాడు. మూడోది అడిగేలోపే నేనే చెప్పాను. "కాంట్రాక్టు 2027 సెప్టెంబరు 30 దాకా నాయనా. పని మిగిలితే ఇంకో ఏడాది పొడిగిస్తారు. పొడిగించాలా వద్దా అన్నది వచ్చే ఏడాది ఏప్రిల్‌లో ముగ్గురూ కూర్చుని మొదటిసారి చూస్తారు."

"ఉండు పాపా" అన్నాడు. పెన్ను వెతుకుతున్న చప్పుడు వినిపించింది. "2027, సెప్టెంబరు... ఎంత? ముప్పయ్యా?"